పెరటి గోడ మీద పన్నెండు గడులు

పెళ్లయి మణుగూరు వచ్చిన కొత్తలో నాకు పగటిపూట ఏం చేయాలో తోచేది కాదు. మా ఆయన ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడు. ఫస్ట్ షిఫ్ట్ అయితే తెల్లారేలోపే వెళ్లిపోయేవాడు. అత్తయ్య ఇంటి పని సగం చేసి, మా గని కాలనీ దాటాక అడవి అంచున ఉన్న ఊళ్లోని అంగన్‌వాడీకి వెళ్లేది. అక్కడ ఆమె ఆయా. పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి, గది ఊడ్చి, వండి పెట్టి, మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేది. ఇంట్లో నేనూ మామయ్యా మిగిలేవాళ్లం. మామయ్య చాలా ఏళ్లు బాయిలో, అంటే భూమి లోపలి గనిలో పనిచేసినవాడు. ఊపిరి అందక అన్‌ఫిట్ చేస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఆయన ముందు వరండాలో కుర్చీ వేసుకుని, షిఫ్టులకు పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ చూస్తూ కూర్చునేవాడు. నాతో మాట్లాడాలంటే ఆయనకు మొహమాటం. ఆయనతో మాట్లాడాలంటే నాకు భయం.

మాది సత్తుపల్లి. అక్కడే బి.ఏ. చదివాను. పెళ్లిచూపుల్లో ఆ డిగ్రీ గురించి ఒకసారి అడిగారు, అంతే. సర్టిఫికెట్లు సూట్‌కేసులో చీరల కింద పడి ఉండేవి. ఆరేసిన బట్టల మీద పడే బొగ్గు దుమ్ము దులుపుకుంటూ, సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని.

ఆ డిగ్రీ సంగతి మళ్లీ ఎత్తింది అత్తయ్యే. ఒకరోజు అంగన్‌వాడీ సెంటర్ నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా వంటింట్లోకి వచ్చింది. కొంగు చాటు నుంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. పదో తరగతి ఇంగ్లీషు గైడు. ఎవరో వాడేసినది, అట్ట ఊడిపోయింది.

"నువ్వు డిగ్రీ సదివినవు గదా బిడ్డా. నాకు గిది చెప్తవా?" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. "ఎవరికి అత్తయ్యా?"

"నాకే. ఇంకెవరికి?"

సంగతేమిటంటే, అంతకుముందు వారం సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి, పదో తరగతి పాసైన ఆయాలుంటే టీచర్ ఖాళీ వచ్చినప్పుడు వాళ్లను ముందు చూస్తామని చెప్పిందట. అత్తయ్య బూర్గంపాడు దగ్గరి ఊళ్లో పుట్టింది. తొమ్మిదో తరగతి చదువుతుండగా పెళ్లి చేసి పంపారు. పదో తరగతి ప్రైవేటుగా కట్టొచ్చని ఎవరో చెప్పారు. తెలుగు, సోషల్ తనే చదువుకోగలనంది. లెక్కలకు కాలనీలో ట్యూషన్ చెప్పే సారు ఉన్నాడు. ఇంగ్లీషు అంటేనే ఆమెకు వణుకు.

"మీ ఆయనకు చెప్పకు. నవ్వుతడు," అంది.

ఆ రెండు గదుల క్వార్టర్లో ఏ సంగతి దాగుతుంది? రెండో రోజే ఆయనకు తెలిసింది. నవ్వలేదు. "నన్ను మాత్రం ప్రశ్నలు అడగొద్దు. నేను ఇంగ్లీషుల రెండుసార్లు తప్పిన," అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

రోజూ ఆమె వచ్చి అన్నం తిన్నాక, పెరట్లో బొప్పాయి చెట్టు నీడన కూర్చునేవాళ్లం. ప్రహరీ గోడ అవతల నుంచే టేకు చెట్లు మొదలయ్యేవి. గైడు తెరిచిన చోట 'వర్క్' అనే క్రియను అన్ని టెన్సుల్లోనూ వరసగా అచ్చువేశారు. ఇంగ్లీషు వాక్యం, పక్కన తెలుగు. అత్తయ్య ఇంగ్లీషు వదిలేసి ముందు తెలుగు వైపు చదవడం మొదలుపెట్టింది. 'నేను పనిచేయుచున్నాను. నేను పనిచేసియున్నాను. నేను పనిచేయుచుంటిని. నేను పనిచేసియుంటిని.'

చదివి తలెత్తి, "ఇది తెలుగేనా?" అంది.

"తెలుగే అత్తయ్యా."

"ఎవరు మాట్లాడతరు గిట్ల? మీ సత్తుపల్లిల మాట్లాడతరా?"

లేదన్నాను. నేనూ ఆ పుస్తకపు తెలుగును బట్టీపట్టే పాసయ్యాను. 'చేసియుంటిని' అంటే ఏమిటో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఆ సాయంత్రం గైడులో తెలుగు వైపంతా పెన్సిల్‌తో కొట్టేశాను. మన మాటల్లోనే చెప్పుకుందామన్నాను. నా మాట ఆమెకు పూర్తిగా నచ్చేది కాదనుకోండి. నేను 'చేశాను' అంటే ఆమె 'చేసిన' అని దిద్దేది. నేను 'వచ్చాడు' అంటే 'వచ్చిండు' అనేది. "నువ్వు ఇంగ్లీషు చెప్పు, తెలుగు నేను చెప్త," అనేది.

పలక లేదు. పొయ్యి దగ్గర బుట్టలో బొగ్గు మాత్రం ఎప్పుడూ ఉండేది. సున్నం వేసిన పెరటి గోడ మీద బొగ్గుముక్కతో మూడు కాలాలకు, ఒక్కో కాలానికి నాలుగు టెన్సుల చొప్పున, అడ్డం నాలుగు, నిలువు మూడు, మొత్తం పన్నెండు గడులు గీశాను. క్వార్టర్ కంపెనీది, గోడ పాడుచేస్తే ఏమంటారోనని అత్తయ్య కాసేపు భయపడింది. తర్వాత తనే బొగ్గు అందుకుని మొదటి గడిలో తెలుగు అక్షరాలతో 'ఐ వర్క్' అని రాసింది.

"ఐ వర్క్ అంటే రోజూ చేసే పని. ఐ షల్ వర్క్ అంటే రేపు చేసే పని," అన్నాను.

ఆమె ఆలోచించింది. "రోజూ పనిచేస్త. రేపు పనిచేస్త. రెండిటికీ మనకు 'చేస్త' ఒక్కటే గదా. వాళ్లకెందుకు రెండు?"

అప్పటిదాకా నేను ఆ సంగతి గమనించనే లేదు. పదిహేనేళ్లు ఇంగ్లీషు చదివాను, పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతున్నాను. ఒక్కసారైనా రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. "వాళ్లకు అలా అలవాటు అత్తయ్యా," అని తప్పించుకున్నాను.

పాస్ట్ టెన్స్ దగ్గరికి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగింది. చివర 'డ్' చేర్చితే చాలు, నేను, నువ్వు, ఆయన, ఆమె, వాళ్లు, ఎవరికైనా 'వర్క్డ్' ఒకటేనని చెప్పాను.

"ఆయనకూ ఆమెకూ తేడా లేదా?"

"లేదు."

"మగోళ్లకు ఒకటి, ఆడోళ్లకు ఒకటి లేదా?"

"లేదత్తయ్యా. అందరికీ వర్క్డే."

ఆమె పకపకా నవ్వింది. "మంచిగుంది! మన దగ్గర చూడు. మీ మామ వచ్చిండు. మీ అత్త వచ్చింది. బర్రె వచ్చింది. బస్సు వచ్చింది. మగాయన ఒక్కడు ఒక తీరు, మిగిలిన మేమందరం ఒక్క లైన్ల నిలబడ్డం." అదే మాట వరండాలో ఉన్న మామయ్యకు వినపడేలా మళ్లీ చెప్పింది. ఆయన అక్కడి నుంచే దగ్గాడు. నవ్వుకే దగ్గు వచ్చిందనుకుంటాను.

అసలు చిక్కు ఇంకో గడిలో వచ్చింది. 'ఐ హావ్ వర్క్డ్'. దానికీ పనిచేసిన అనే అర్థం, ముందు గడిలో దానికీ పనిచేసిన అనే అర్థం. "మళ్లీ రెండేంది బిడ్డా?" అని ఆమె అడిగింది. నేను కాలేజీలో నేర్చుకున్నదంతా చెప్పాను. జరిగిన పని ప్రభావం ఇప్పటికీ ఉంటే హావ్ పెట్టాలన్నాను. ప్రభావమంటే ఏంటని అడిగింది. ఇంకో రకంగా చెప్పాను, ఇంకా గందరగోళమైంది. రెండు రోజులు అక్కడే ఆగిపోయాం. మూడో రోజు ఆమె సెంటర్ నుంచి వస్తూనే గుమ్మంలో చెప్పులు విడుస్తూ, రోజూ అడిగినట్టే, "అన్నం తిన్నవా?" అంది.

"తిన్నానత్తయ్యా," అని, వెంటనే, "ఆగండి! అదే హావ్!" అన్నాను.

ఆమె ఒక చెప్పుతో అలాగే నిలబడిపోయింది.

"మీరు తిన్నావా అన్నారు, నేను తిన్నానన్నాను. ఎప్పుడు తిన్నానని కాదు గదా మీరడిగేది? ఇప్పుడు ఆకలి లేదు గదా అని. అది హావ్. నిన్న పెళ్లిలో లడ్డు తిన్నాను, అది నిన్నటితో అయిపోయింది. దానికి హావ్ ఉండదు."

ఆమె నెమ్మదిగా రెండో చెప్పు విడిచింది. "అంటే ఇంకా కడుపుల ఉంటే హావ్," అంది. అంతకన్నా బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ ఉత్సాహంలో ఆమె కనబడిన వాళ్లందరి మీదా వాక్యాలు కట్టడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నమే, "మీ మామ బాయిల పనిచేసిండు. అయిపోయింది గదా. హి వర్క్డ్ ఇన్ ద మైన్. హావూ గీవూ లేదు. కరెక్టేనా?" అని గట్టిగా అడిగింది. కరెక్టే అన్నాను.

మామయ్య మంచినీళ్ల కోసం లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏందే అది? నా గురించి ఏమన్నవ్?" అని అడిగాడు. ఆమె తెలుగులో చెప్పింది. ఆయన గ్లాసు అక్కడే పెట్టి, నీళ్లు తాగకుండానే వరండాలోకి వెళ్లిపోయాడు. ఆ పూట టీ ఇస్తే వద్దన్నాడు.

నాకు ప్రాణం ఉసూరుమంది. వాక్యం సరిగ్గానే ఉంది. కానీ ఆయన ఎదుట 'అయిపోయింది' అన్న మాట అంత గట్టిగా అని ఉండాల్సింది కాదనిపించింది. అత్తయ్య కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుని, లేచి వరండాలోకి వెళ్లింది. కిటికీలోంచి నాకు వినిపిస్తూనే ఉంది.

"కోపమొచ్చిందా?"

"కోపమెందుకు? ఉన్నదే గదా. పనిచేసిండు. అయిపోయింది."

"అది పుస్తకం మాట."

"పుస్తకం మాటైనా నిజమే గదా." కాసేపు దగ్గాక మళ్లీ అన్నాడు. "పొద్దుగాల సైరన్ మోగితే ఇప్పటికీ కాళ్లు చెప్పుల కోసం వెతుకుతయి. మళ్లా గుర్తొస్తది."

అత్తయ్య, "గట్లైతే లే. నీకు పని చెప్త. నేను చూడకుంట సదువుతుంటే పుస్తకం పట్టుకొని తప్పులు చూడు," అంది.

"నాకు ఇంగ్లీషు ఎక్కడొచ్చె?"

"బాయి మీద బోర్డులన్నీ ఎట్ల సదివినవ్?"

అది నిజమే. మామయ్య ఏడో తరగతి దాకానే చదివినా, గని దగ్గరి బోర్డుల మీది ఇంగ్లీషు మాటలన్నీ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవగలడు. ఆ మర్నాటి నుంచి ఆయన కుర్చీ వరండాలోంచి పెరట్లోకి వచ్చింది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, గైడులో వరసల మీద వేలు పెట్టి, ఆమె చెప్పే ప్రతి మాటనూ అక్షరాలతో సరిచూసేవాడు. 'హి వర్క్' అంటే, "ఎస్ ఏది? ఎస్ మింగినవ్," అనేవాడు. ఆ ఎస్ విషయంలో ఆయన చాలా కఠినం. ఒకసారి మామయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే చూసి అత్తయ్య, "మై హస్బెండ్ ఈజ్ వర్కింగ్," అంది. ఆయన పుస్తకంలో వెతికాడు. "గిది దీంట్ల లేదు," అన్నాడు. అది పుస్తకంలోది కాదు మామయ్యా, 'మా ఆయన పనిచేస్తుండు' అంటోంది అని నేను తెలుగులో చెబితే, చిక్కుడుకాయల వైపు చూసుకుని, "అవ్, చేస్తనే ఉన్న," అన్నాడు. ఆ రోజు నుంచే ఆయన నన్ను 'ఏమ్మా' అని పిలిచి మాట్లాడటం మొదలైంది.

అత్తయ్య సెంటర్‌కు పోతూ వస్తూ దారిలో కూడా వల్లెవేసేది. ఐ హావ్ వర్క్డ్, యు హావ్ వర్క్డ్, షి హాజ్ వర్క్డ్ అనుకుంటూ, చేతివేళ్లు మడుస్తూ నడిచేది. ఓ రోజు పక్క క్వార్టర్ ఆవిడ నన్ను గోడ దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించి, "మీ అత్త తొవ్వ పొంటి తనలో తానే మాట్లాడుకుంట పోతుంది బిడ్డా. నాలుగు దినాల సంది చూస్తున్న. అడవి దారి, ఏమన్నా సోకిందేమో. దవాఖానకు పోయేటియి కావు ఇవి. మాకు తెలిసినాయన ఉన్నడు, తాయెత్తు కట్టిస్త," అంది.

నేను నవ్వు ఆపుకోలేక సంగతి చెప్పాను. ఆవిడ నమ్మలేదు. ఈ వయసులో పదో తరగతి ఏందని బుగ్గలు నొక్కుకుంది. సాయంత్రం ఆ మాట చెబితే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. మర్నాడు ఆవిడ వాకిట్లోనే ఆగి, టెన్సు మొత్తం గట్టిగా వల్లెవేసి, "సోకింది అక్కా, వదుల్తలేదు," అని చెప్పి పోయింది.

పరీక్షలు వచ్చాయి. పరీక్ష సెంటర్ మణుగూరు హైస్కూల్లో పడింది. మొదటి రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, పరీక్ష అట్ట చంకన పెట్టుకుని గదిలో అడుగు పెట్టగానే పిల్లలంతా లేచి, "గుడ్ మార్నింగ్ మేడమ్," అన్నారట. ఏం చేయాలో తెలియక ఆమె, "కూసోండి," అందట. వాళ్లు కూర్చున్నాక తన నంబర్ వెతుక్కుని వెనక బెంచీలో కూర్చుంటే గది గదంతా వెనక్కి తిరిగి చూసిందట. అది చెబుతున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగేంతగా నవ్వింది. మామయ్య అదే కథను కాలనీలో కనబడిన ప్రతివాళ్లకూ చెప్పాడు.

ఇంగ్లీషు పరీక్ష నాడు మాత్రం నవ్వకుండా వచ్చింది. గడుల్లో నేర్చుకున్నవన్నీ బాగానే రాసింది. కానీ పాఠం ఇచ్చి ప్రశ్నలు అడిగిన చోట, సొంతంగా రాయమన్న చోట ఏమీ తోచలేదట. "పన్నెండు గడులు తప్ప ఇంకేం రాదు గదా నాకు," అంది. ఫలితాలు వచ్చాయి. లెక్కలతో సహా అన్నీ పాసైంది, ఇంగ్లీషు పోయింది.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నాలుగైదు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. సెంటర్‌కు పోయింది, వచ్చింది, వండింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పెరట్లోకి రాకుండా పడుకునేది. మామయ్య అక్కడ ఒక్కడే గైడు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆమెను ఏమీ అడిగేవాడు కాదు. కుర్చీ మాత్రం వరండాలోకి మార్చుకోలేదు.

ఆ వారంలోనే కంపెనీ వాళ్లు వచ్చి మా వరసలో క్వార్టర్లన్నిటికీ సున్నం వేసి పోయారు. పెరటి గోడ తెల్లగా అయిపోయింది. బావ కూతురి పెళ్లికి నేను రెండు రోజులు సత్తుపల్లి వెళ్లి వచ్చేసరికి, ఆ గోడ ముందు అత్తయ్య బొగ్గుముక్క పట్టుకుని నిలబడి ఉంది. గడులు ఏమీ గీయలేదు.

"గోడ మంచిగ తెల్లగైంది. ఇప్పుడు గడులొద్దు. పెద్ద వాక్యాలు చెప్పు. నా గురించి నేను రాసుకునేటియి," అంది.

అలా రెండోసారి మొదలైంది. ఆమె పొద్దున లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా చేసే పనులన్నీ ఇంగ్లీషులో రాయించాను. పిల్లలను పిలుచుకు రావడం, గది ఊడ్వడం, పప్పు వండటం, వాన పడితే వాగు దాటలేక ఆగిపోవడం. ఆ వాక్యాల్లో తప్పులుండేవి. కానీ అవి ఆమె వాక్యాలు, బట్టీపట్టినవి కావు. ఎండాకాలం సెలవుల్లో మిగతా పాఠాలు కూడా కథల్లా చెప్పాను. సప్లిమెంటరీలో రాసి, మరీ ఎక్కువ మార్కులు కాదుగానీ గట్టెక్కింది. ఆ రోజు మామయ్య స్వయంగా బజారుకు వెళ్లి, దారిలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ, జిలేబీ పొట్లం తెచ్చాడు.

పాసైనా పని వెంటనే కాలేదు. వచ్చిన మొదటి ఖాళీ వేరే ఆమెకు పోయింది. ఆమెకు ఇంటర్ ఉంది. అత్తయ్య ఆ సాయంత్రం, "పోనీలే, చిన్న పిల్ల, ఆమెకూ కావాలె గదా," అంది గానీ, అన్నం సగమే తింది. ఆ తర్వాత కూడా చాలా నెలలు ఆయాగానే ఉంది. ఆ మధ్యలో మాకు పాప పుట్టింది. పాప నడక నేర్చాక, అడవిలో ఇంకా లోపలికి, ఆటో దిగి నడిచి పోవాల్సిన ఊళ్లో ఖాళీ వచ్చింది. దూరమని ఆ పోస్టు ఎవరూ అడగలేదు. అత్తయ్య అడిగింది. ఆర్డర్ తీసుకున్న మర్నాడే చేరింది. అక్కడి పిల్లలు ఇంట్లో కోయ భాష మాట్లాడతారు. మొదట్లో వాళ్లకూ ఆమెకూ మధ్య ఎక్కువగా సైగలే నడిచేవి. ఇంటికొచ్చి ఆ రోజు నేర్చుకున్న ఒకటి రెండు మాటలు మామయ్యకు చెప్పేది. ఆయన తప్పొప్పులు చూడటానికి దానికి పుస్తకం లేదని చిరాకుపడేవాడు.

ఒకరోజు ఆమె నన్ను నిలదీసింది. "నాకు చెప్పినవ్. నేను పాసైన. మరి నీ సంగతేంది?"

"నాకేముంది అత్తయ్యా?"

"టీచర్ సదువు సదువు. చీరల కింద పెట్టిన కాగితాలు బయటికి తియ్యి."

బి.ఎడ్. ఎంట్రెన్స్ రాస్తే ఖమ్మంలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదవాలి. పాపను వదిలి ఎలా వెళ్లడమని నేను, మా ఆయన షిఫ్టులతో ఇల్లు ఎలా నడుస్తుందని మా ఆయన, ఇద్దరం మూడు రోజులు గింజుకున్నాం. అత్తయ్య మా మాటలన్నీ విని, "పోరిని నా సెంటర్ల చేర్పిస్త. నా ఎనక వస్తది, నా ఎనక పోతది. వంట మీ మామ చూస్తడు, గిప్పుడు బాగనే చేస్తుండు," అని తేల్చేసింది.

బయలుదేరే రోజు బస్టాండుకు అందరూ వచ్చారు. పాప అత్తయ్య చంకలో ఉంది. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. దాని చూపంతా ఎదురుగా బండి మీద వేగుతున్న మిర్చి బజ్జీల మీద ఉంది. మామయ్య నా సంచి ఎక్కించి, ఆయాసపడుతూ కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు.

"వారం వారం రాకు. బస్సులల్ల తిరుగుడే అయితది," అంది అత్తయ్య. "పండుగకు రా. పోరి గురించి దిగులు పడకు. ఏడ్వకు. ఏడిస్తే ఇదీ ఏడుస్తది."

"సరే అత్తయ్యా."

"టిఫిన్ల పులిహోర పెట్టిన. కొత్తగూడెం దాటినంక తిను, ముందు తింటే మళ్లా ఆకలైతది."

బస్సు కదిలింది. కాలనీ క్వార్టర్లు దాటి, బొగ్గు లారీలను దాటుకుని అడవి రోడ్డు ఎక్కేసరికి నాకు ఆకలేసింది. కొత్తగూడెం దాకా ఆగకుండా అక్కడే డబ్బా విప్పాను.